సీసాలోని రమణమ్మను చూసొచ్చాం

మా కోయిలకుంట్లలో కాశీకి పోయొచ్చినవాళ్ళున్నారు, దుబాయికి పోయొచ్చినవాళ్ళున్నారు. మనిషి కణాలను పెంచే గది చూసొచ్చినవాళ్ళు మాత్రం, నాకు తెలిసి, నేనూ మా అమ్మే. తిరిగొచ్చినప్పటి నుంచి అడిగినవాళ్ళందరికీ చెప్పి చెప్పి నోరు నొచ్చింది. రాసి పెడితే ఒకసారితో పోతుందని కూర్చున్నాను.

ముందు ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలి. నా చెల్లెలు రమణమ్మను ఆళ్ళగడ్డలో ఇచ్చాం. అండాశయంలో క్యాన్సర్ వచ్చి నిరుడు పోయింది. నంద్యాలలో ఆమెకు వైద్యం చేసిన డాక్టరమ్మ, కడుపులో చేరిన నీళ్ళు తీసేటప్పుడు ఒక మాట అడిగింది. ఆ నీళ్ళలో క్యాన్సర్ కణాలు ఉంటాయట. వాటిని లాబులో పెంచగలిగితే కొత్త మందులు పరీక్షించడానికి పనికొస్తాయట. ఇష్టమేనా అంది. రమణమ్మ సరేనని సంతకం పెట్టింది. "పెరిగితే మా అమ్మకు చెప్పండి మేడం. నేను పోయినా నాది ఒక ముక్క కూర్చోకుండా పనిచేస్తాండాదని" అని నవ్వింది కూడా.

అలాంటి కణాలు అందరివీ పెరగవట. రమణమ్మవి పెరిగాయి, కానీ నెలలు పట్టింది. డాక్టరమ్మ ఇచ్చిన మాట ప్రకారం మా అమ్మకు ఫోన్ చేసి, "మీ అమ్మాయి కణాలు బతికే ఉన్నాయి, రోజూ పెరుగుతున్నాయి" అని చెప్పింది. ఆమె మంచికే చెప్పింది. మా ఇంట్లో మాత్రం నిప్పు రాజుకుంది.

సంవత్సరీకం దగ్గర పడుతోంది. అది పెట్టేదాకా ఆ ఇంట్లో శుభకార్యం చేయకూడదు. రమణమ్మ కూతురు శిరీషకు పాణ్యం అబ్బాయితో పెండ్లి ఖాయమై ఉంది. రమణమ్మ బతికుండగా తానే చూసి మెచ్చుకున్న సంబంధం. సంవత్సరీకం కాగానే ముహూర్తం. అప్పుడు మా అమ్మ అడ్డం తిరిగింది. "బతికుండే మనిషికి పిండం పెడతారా? నా కండ్లముందర ఎవురన్నా పెడితే వాళ్ళ చెయ్యి ఇరగ్గొడతా" అంది. అమ్మను కాదని తద్దినం పెట్టడానికి మా మరిది ఓబులేసుకు ధైర్యం లేదు. అవ్వ పక్కన లేకపోతే పెండ్లిపీటల మీద కూర్చోనని శిరీష. పాణ్యం నుంచి రోజు విడిచి రోజు ఫోను.

చివరికి అమ్మే తేల్చింది. "నేను పోయి సూడాల. సూసినాంక చెప్తా."

ఆళ్ళగడ్డ, శుక్రవారం

అమ్మ ఉండేది ఆళ్ళగడ్డలో, రమణమ్మ ఇంట్లోనే. శిరీషకు తోడని వచ్చి అక్కడే ఆగిపోయింది. నేను దిగేసరికి వంటింట్లో శనగపప్పు ఉడుకుతోంది. ఓళిగలకు పూర్ణం రుబ్బుతూ ఉంది.

"ఇవెవరికి మా?" అన్నాను.

"నీకు కాదులే. రమణికి."

నేను ఓబులేసు మొహం చూశాను. అతను నా మొహం చూశాడు. "ఒదినా, నువ్వన్నా చెప్పు" అన్నాడు మెల్లగా. "నాకు చెప్పనీకి చాతకాదు. రోజూ నా మొగం సూసి, పెండ్లాము బతికుండంగానే తద్దినానికి తయారైనావే అంటాది."

"ఏందీ గుసగుస?" అంది అమ్మ లోపల నుంచి.

"ఏం లేదత్తా, బెల్లం చాలా అని."

సాయంత్రం అమ్మను గాలికి తిప్పుదామని శిల్పాలు చెక్కే వీధి వైపు తీసుకుపోయాను. ఆళ్ళగడ్డ చూడనివాళ్ళకు చెప్పాలి: మా ఊళ్ళో వీధికి పక్కన ధాన్యం ఆరబోసినట్టు ఇక్కడ వీధికి పక్కన దేవుళ్ళు నిలబడి ఉంటారు. కొందరికి తల వచ్చింది, చేతులు రాలేదు. కొందరు నడుము దాకా ఇంకా బండే. కటింగ్ మిషన్ దుమ్ముకు చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి.

ఒక శిల్పి అమ్మవారి విగ్రహం చెక్కుతున్నాడు. కింద రాతి చిప్పలు కుప్పపడి ఉన్నాయి. అమ్మ కాలు ఎత్తి అట్లే ఆగింది.

"ఏమప్పా, ఇవి తొక్కచ్చా? దేవుని రాయి గదా?"

"తొక్కు అవ్వా. రాలిపోయినాంక ఉత్త రాయే. బాటలో గుంతలు పూడ్చనీకి తోలకపోతారు."

"పొద్దున దాకా అమ్మవారి భుజమో మోకాలో అయ్యిండేది గదా."

"రాలిపోయిందానికి ఎవరు మొక్కుతారవ్వా?"

అమ్మకు నచ్చలేదు. చిప్పల కుప్ప చుట్టూ తిరిగొచ్చింది గానీ తొక్కలేదు. "వీనికేం తెలుసు, రాళ్ళు కొట్టేటోనికి" అంది, అతనికి వినపడేంత గట్టిగా. అతను సుత్తి ఆపకుండానే నవ్వాడు. "మా ఇంటిది గూడా అదే అంటాది అవ్వా."

బస్సులో నెయ్యి

శనివారం పొద్దున్నే బయలుదేరాం. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో టికెట్ లేదు గదా. లేదంటే అసలు ఇవ్వరని కాదు, సున్నా రూపాయలని కొట్టి ఇస్తారు. అమ్మ ఆ టికెట్ అటూ ఇటూ తిప్పి, "దుడ్లు లేనప్పుడు కాగితమెందుకప్పా దండగ" అని కండక్టర్‌ను అడిగింది. "నువ్వు ఎక్కినావని గుర్తుకవ్వా" అన్నాడు. "ఎక్కింది కనపడ్తాండాది గదా" అంది.

నేను కిటికీ పక్కన కూర్చుని బోర్డులు పైకి చదువుకుంటూ వచ్చాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఎరువుల కొట్టు, సెల్‌ఫోన్ రిపేరు, శిరివెళ్ళ, ఏదీ వదలను. నేర్పింది రమణమ్మే. మా ఇంట్లో బడికి పోయింది అదొక్కటే. నేను మేకల వెంట పోయాను. నా పిల్లల పెండ్లిళ్ళు అయ్యాక, వచ్చినప్పుడల్లా నేలమీద శనగగింజలు పేర్చి 'అ' చూపించేది. తప్పు పేరిస్తే గింజ తీసి నోట్లో వేసుకునేది. మొదట్లో దానికి కడుపు నిండేది.

"నోరు నొయ్యదా నీకు?" అంది అమ్మ. "శిరివెళ్ళ అని నాకు బోర్డు లేకుండానే తెలుసు."

ఇంతలో ముందు సీట్లో ఉన్నాయన లేచి వెనక్కి తిరిగాడు. మంచి బట్టలు వేసుకుని ఏదో సంబంధం చూడ్డానికి పోతున్నట్టున్నాడు. మా క్యారియర్ మూత వదులై, ఓళిగల మీద పోసిన నెయ్యి సీటు కిందుగా పారి ఆయన ప్యాంటు అంచు, బూట్లు తడిపేసింది.

"ఏందవ్వా ఇది?"

"నెయ్యప్పా. ఇంట్లో కాచింది. అంగడిది కాదు."

"అంగడిదైతే ఏంది, ఇంట్లోదైతే ఏంది, నా ప్యాంటు!"

"ఇంట్లోదైతే వాసన బాగుంటాది. పిల్ల మెచ్చుకుంటాది, పో."

బస్సంతా నవ్వింది. చివరికి ఆయన కూడా. ఒక ఓళిగ చేతిలో పెట్టబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దానికి తీసుకపోయేటివి. ముందర అదే తినాల."

నంద్యాల టిఫిను

నంద్యాల బస్టాండు బయట టిఫిను బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. మా కోయిలకుంట్లలో ఉగ్గాని మీద పప్పులపొడి గుమ్మరిస్తారు. ఇక్కడ నిమ్మకాయ ఎక్కువ పిండుతారు. బొరుగులు మాత్రం ఇక్కడివే మేలు, నానినా పిండి కావు. బజ్జీలో మిరపకాయకు జాలి లేదు. నా కండ్లలో నీళ్ళు చూసి బండి ఆయన మజ్జిగ ఇచ్చాడు, దానికి డబ్బులు తీసుకోలేదు.

పక్క పెనం మీద ఎగ్ దోసె వేస్తుంటే అమ్మ తన ప్లేటు తీసుకుని దూరం జరిగింది. మా ఇంట్లో వెంకటేశ్వరుని మొక్కు ఉంది. శనివారం నీసు ముట్టం. అందరికంటే రమణమ్మకు పట్టింపు ఎక్కువ. పొరపాటున ఒక శనివారం ఆస్పత్రిలో, మందు ఎక్కించి నీరసంగా ఉన్నప్పుడు, నర్సు ఉడికిన గుడ్డు తెచ్చిచ్చింది. బలం రావాలి తినమని డాక్టరమ్మ కూడా చెప్పింది. రమణమ్మ ఆ గుడ్డు పక్క మంచం ఆమెకు ఇచ్చి, "ఈ బలం రేపు తెచ్చుకుంటాలే మేడం" అంది. ఆ మాట గుర్తు చేసుకుని అమ్మ, నేను బండి దగ్గరే నవ్వుకున్నాం.

చెప్పులు విడిచే చోటు

లాబు ఆస్పత్రి వెనక కట్టడంలో ఉంది. డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి తీసుకుపోయి, అక్కడ పరిశోధన చేసే షబానా అనే అమ్మాయికి అప్పగించి, వార్డుకు పోయింది. షబానాది నంద్యాలే. వాళ్ళ నాయన పరుపులు కుడతాడట. పాతికేళ్ళు దాటి ఉంటాయి, అంతే. చున్నీ మీద తెల్లకోటు వేసుకుని ఉంది.

ఆ గదుల ఆచారాలు రాయాలి, ఎందుకంటే నేను చూసిన ఏ గుడిలోనూ అంత మడి లేదు. చెప్పులు బయటే విడవాలి. కోటు తొడుక్కోవాలి. అమ్మ కోటు నేల ఊడ్చింది. చేతులకు స్పిరిట్ చల్లుకోవాలి. ఆ వాసనకు అమ్మ ముక్కు మూసుకుంది.

"ఏంది పాపా, సారాయితో చేతులు కడుక్కుంటాండారు?"

"అందుకే అవ్వా, తాగేటోళ్ళను ఈడ పనిలో పెట్టుకోరు."

కణాలు పెట్టిన సీసా మూత తీసినప్పుడు దానిమీద మాట్లాడకూడదు, దగ్గకూడదు, చెయ్యి అడ్డం పోకూడదు. ఒక్క బూజు కణం పడితే నెలల కష్టం చెత్తబుట్టలోకే. ఈ ఒక్క ఆచారం అమ్మకు వెంటనే అర్థమైంది. "ఊరగాయ జాడీ" అంది. "అదే అవ్వా" అంది షబానా.

లోపలి గదిలోకి మమ్మల్ని పోనివ్వలేదు. అద్దంలో నుంచి చూస్తుంటే షబానా వెచ్చటి పెట్టె తలుపు తీసి, ఒక చిన్న పలక సీసాను బయటికి తెచ్చింది. అడుగున గులాబీ రంగు నీళ్ళు. సీసాను పడుకోబెట్టే తెచ్చింది.

"నిలబెట్టరా?" అంది అమ్మ.

"పడుకుంటేనే పెరుగుతాయవ్వా. సీసా అడుగుకు అతుక్కుంటాయి."

"అయితే రమణే" అంది అమ్మ నా వైపు తిరిగి. "ఎండ నడినెత్తికి వచ్చినా లేచేది కాదు."

సీసా మీద ఏదో నెంబరు ఉంది, పేరు లేదు. రోగి పేరు బయటికి పోకూడదని ఎవరి పేరూ రాయరట. అమ్మకు కొంచెం చిన్నబోయింది. షబానా సీసాను మైక్రోస్కోపు కింద పెట్టి, స్టూలు వేసి, అమ్మను కూర్చోబెట్టి, చూడమంది. అమ్మ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించింది.

"రమణీ" అంది తర్వాత, సీసాతోనే. "బాగుండావా మ్మా?"

షబానా నా వైపు చూసింది. అమ్మ లేవగానే నేను చూశాను. బేతంచెర్ల బండలు పరిచిన నేలలా ఉంది. ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా, మెరుస్తూ. అందంగా ఉందని రాయడానికి నాకు మనసొప్పడం లేదు గానీ, అందంగానే ఉంది.

శనివారం తిండి

అమ్మ క్యారియర్ విప్పబోయింది. షబానా పరుగెత్తుకొచ్చి, ఈ గదిలో తిండి తెరవకూడదని బతిమాలింది.

"నీకు గాదు పాపా, దానికి. ఒక్క చిటికెడు. ఓళిగలంటే పానం దానికి."

"తినలేవవ్వా అవి. ఈ నీళ్ళే వాటి తిండి."

"ఈ రోజా నీళ్ళా? ఏం కలిపినారు దీంట్లో?"

షబానా చెప్పుకుంటూ పోయింది. చక్కెర, ఉప్పులు, విటమిన్లు. తిండి అయిపోయి పులిస్తే నీళ్ళు పసుపుపచ్చగా అవుతాయట, అప్పుడు మార్చాలట. దిష్టి తీసే పసుపునీళ్ళలో సున్నం పడితే ఎర్రబడడం నాకు గుర్తొచ్చింది. అలా రంగు చూసి ఆకలి కనిపెట్టొచ్చన్నమాట అనుకుంటున్నాను. అంతలో షబానా ఆగింది. మా ఇద్దరి బొట్లు చూసి, గొంతు తగ్గించి, "కొంచెం పశువు నెత్తురు తేట గూడా పడతాదవ్వా. అది లేకుంటే పెరగవు" అంది.

"నెత్తురా?" అమ్మ స్టూలు మీద నుంచి లేచింది. "ఈ పొద్దు ఏం వారమో తెలుసునా నీకు? శనివారం! మందు ఎక్కించినప్పుడే గుడ్డు తినలే నా బిడ్డ. పానం పోతాండా తినలే. దానికి నువ్వు నెత్తురు పోస్తాండావా?"

షబానా కండ్లలో నీళ్ళు తిరిగాయి. కానీ తడబడలేదు.

"పోస్తాండా అవ్వా. ఈ పొద్దూ పోసినా. తాగినాయి. పోయిన శనివారం తాగినాయి, ఆ ముందర శనివారమూ తాగినాయి. మీ బిడ్డైతే ఒద్దనేది గదా? దీనికి శనివారం లేదు, ఒక్కపొద్దు లేదు, చాలు అనేది లేదు. తింటానే ఉంటాది, పెరుగుతానే ఉంటాది. అదేనవ్వా దీని రోగం. మీ బిడ్డ కడుపులో గూడా ఇదే చేసింది."

అమ్మ ఒకసారి సీసాను, ఒకసారి షబానాను చూసింది. మళ్ళీ వంగి, కన్ను ఆనించి చూసింది. ఈసారి పేరు పెట్టి పిలవలేదు.

"ఇది రమణి కాదు" అంది. "దాన్ని తిన్నది."

"అవునవ్వా."

"దీనికా నేను ఓళిగలు మోసుకొచ్చింది!" అంది. తర్వాత కోపం షబానా మీదికి మళ్ళింది. "నా బిడ్డను తిన్నదాన్ని వెచ్చగా పండబెట్టి, నీళ్ళు మార్చి మేపుతాండావా? సిగ్గు లేదా నీకు?"

"మేపకుంటే దీని గుట్టు తెలీదవ్వా. మీ బిడ్డకిచ్చిన మందు మొదట్లో పనిచేసింది, ఆనక చేయలే. ఎందుకు చేయలేదో మీ బిడ్డ చెప్పలేదు. ఇది చెప్పాల. చెప్పేదాకా బతికించాల."

ఆమె ఇంకో పళ్ళెం తెచ్చింది. మన పనియారాల పెంకులా గుంతలు గుంతలుగా ఉంది. ఒక వరుసలో రమణమ్మకు ఇచ్చిన మందు. అక్కడ బండలు పరిచినట్టే ఉన్నాయి, చెక్కు చెదరలేదు. ఇంకో వరుసలో వేరే మందు. అది ఇంకా మనుషులకు ఇచ్చేది కాదట, ఇక్కడ చూడ్డానికే. ఆ గుంతల్లో కణాలు నేల వదిలేసి, గుండ్రంగా ముడుచుకుని, నీళ్ళలో పోసిన బొరుగుల్లా తేలుతున్నాయి.

"ఇవి?" అంది అమ్మ కన్ను తీయకుండా.

"సచ్చినాయవ్వా."

అమ్మ చూస్తూనే ఉంది. "సావు, ముండా" అంది ప్రేమగా, నవ్వుతూ. ఆ రోజు ఆమె నవ్వడం అది రెండోసారి.

పోయేముందు తలుపు దగ్గర ఆగి ఒక్క మాట అడిగింది. "దాంట్లో నా బిడ్డది ఏమీ లేదా పాపా?"

షబానా కావాలంటే అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఉందవ్వా. ఆమెలోనించి వచ్చిందే గదా. ఆమె గుర్తులు దాంట్లో ఉంటాయి. దాంట్లో సగం నీవి, సగం వాళ్ళ నాయనవి. చెడిపోయినాయి గానీ, ఉన్నాయి. ఎంతమందివో పెట్టినాం, బతకలే. ఇవి మొండిగా నిలబడినాయి."

"ఆ మొండితనం నాదే" అంది అమ్మ.

వరండాలో

లాబు బయట వరండాలో క్యారియర్ విప్పాం. షబానా, ఆమెతో పనిచేసే ఇద్దరు కింద కూర్చుని ఓళిగలు తిన్నారు. నెయ్యి సగం బస్సులోనే పోయినా బాగున్నాయన్నారు. అమ్మ ఒక్కొక్కరికి తానే వడ్డించింది. షబానాకు మూడో ఓళిగ వేయబోతే చాలంది.

"తిను. దాన్ని సంపేటిదానివి నువ్వు. నీకు బలం కావాల."

రేపు ఆదివారం గదా, సెలవా అని అడిగాను. కాదట. నీళ్ళు పసుపుపచ్చబడితే ఆదివారమైనా, రంజాన్ పండగైనా వచ్చి మార్చాల్సిందేనట. పండగ నమాజు కాగానే వాళ్ళ నాయన స్కూటర్ మీద దింపి పోతాడట. ఆస్పత్రి గేటు దాకా వచ్చి సాగనంపింది.

మళ్ళీ ఆళ్ళగడ్డ

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. శిరివెళ్ళ దాటాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ డాక్టరమ్మ ఫోను వచ్చినప్పటి నుంచి ఆమె ఏడవడం నేను చూడలేదు. బతికుంది అనుకుంటే ఎట్లా ఏడుస్తుంది? కండక్టర్ దగ్గరికొచ్చి సున్నా టికెట్లు చేతిలో పెట్టి, ఏమీ అడగకుండా పోయాడు.

బస్టాండులో ఓబులేసు ఎదురుచూస్తున్నాడు. అడగడానికి భయపడి సంచీ అందుకున్నాడు.

"అయ్యగారికి చెప్పు నాయనా" అంది అమ్మ. "సంవత్సరీకం పెడదాం. దినం శనివారం పడినా పరవాలేదు, నీసు లేకుండా వండుదాం, దానికి ఇష్టమే."

ఇంటికి నడుస్తూ శిల్పుల వీధిలో నుంచే పోయాం. చీకటి పడకముందే. ఆ శిల్పి దుమ్ము దులుపుకుంటున్నాడు. అమ్మ ఆ రాతి చిప్పల మీదుగానే నడిచి పోయింది.

సంవత్సరీకం అయిపోయింది. పెండ్లీ అయిపోయింది. పాణ్యం వాళ్ళు ముహూర్తం తేల్చడంలో ఇన్నాళ్ళ ఆలస్యానికి కారణం విని మొదట నమ్మలేదు, ఇప్పుడు వాళ్ళ ఊరంతా చెప్పుకుంటున్నారు. షబానా పెండ్లికొచ్చి, అన్నం తిని, నీళ్ళు మార్చాలని తొందరగా పోయింది.

శిరీష అత్తగారింటికి పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ప్రతి ఆదివారం నాచేత షబానాకు ఫోన్ చేయిస్తుంది. స్పీకర్ పెట్టమంటుంది. మాటలు ఎప్పుడూ ఇవే.

"పెట్టినావా పాపా?"

"పెట్టినా అవ్వా."

"సచ్చినాయా?"

"కొన్ని సచ్చినాయి. కొన్ని మొండికేసినాయి."

"మొండివాటికి ఇంకా బాగా పెట్టు" అంటుంది మా అమ్మ. "పెట్టి సంపు."